అస్వాన్ కొండ మీద ఆగాఖాన్

మక్కాలో ఉమ్రా యాత్ర అయ్యాక ఈజిప్టు కూడా చూసొద్దామన్నది మా ఆయన ఆలోచనే గానీ, అస్వాన్ దాకా లాక్కెళ్ళింది మాత్రం నేనే. మూడో ఆగాఖాన్ సమాధి అక్కడుంది. మేం సున్నీలం, ఆయనేమో షియాల్లో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల 48వ ఇమామ్, అంటే మతగురువు. "మనకేం సంబంధం, ఇంత దూరం?" అని ఈయన కైరోలో రైలెక్కిన దగ్గర్నుంచీ గొణుగుతూనే ఉన్నారు.

సంబంధం ఒక ఫొటో. మా నాన్న ట్రంకు పెట్టెలో పాత పేపరు ముక్క ఒకటుండేది. అందులో పెద్ద తక్కెడ, ఒకవైపు కుర్చీలో భారీ మనిషి, ఇంకోవైపు పెట్టెల్లో వజ్రాలు. ఆ మనిషే ఆగాఖాన్. 1946, బొంబాయి. ఇది భక్తా, ఆర్భాటమా అని చిన్నప్పుడే వెక్కిరించేదాన్ని. అలా తూచి కూడబెట్టిన సొమ్ము స్కూళ్ళకీ, తూర్పు ఆఫ్రికాలో ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి అప్పులివ్వడానికీ వెళ్ళిందని ఎప్పుడో చదివాక గానీ నా నోరు మూతపడలేదు.

1877లో కరాచీలో పుట్టాడు. ఏడేళ్ళకే ఇమామ్ అయ్యాడు, అంటే ఆడుకునే వయసులో జనం వచ్చి దువా చేయమని చేతులు పట్టుకునేవారన్నమాట! 28 ఏళ్ళకి, 1906లో, సిమ్లాలో వైస్రాయ్ మింటో దగ్గరికి ముస్లిం ప్రతినిధి బృందాన్ని తీసుకెళ్ళి ముస్లింలకి ప్రత్యేక నియోజకవర్గాలు అడిగాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు, ఆ దారి చివరికి ఎక్కడికి వెళ్ళిందో మనందరికీ తెలుసు కాబట్టి. ముస్లిం లీగ్ మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. మళ్ళీ 1942 నుంచి 1944 దాకా గాంధీని నిర్బంధించిన, కస్తూర్బా కన్నుమూసిన పుణే ప్యాలెస్ కట్టించిందీ ఆయనే! లండన్ రౌండ్ టేబుల్ సమావేశాలు, ఆ తర్వాత జెనీవా, 1937లో నానాజాతి సమితి అసెంబ్లీకి అధ్యక్ష పదవి. ఈ మధ్యలో ఇంగ్లండ్‌లో ఆయన గుర్రాలు డెర్బీ ఐదుసార్లు గెలిచాయి. గుర్రప్పందేల మనిషి ఇమామ్ ఏమిటని మా నాన్నని అడిగితే, "ఆడపిల్లల్ని చదివించమని అప్పట్లోనే తన వాళ్ళ వెంటపడ్డాడమ్మా, ముందు అది చూడు" అనేవాడు. నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆ మాటేనేమో.

అస్వాన్‌లో సాయంత్రం ఫెలూకా, అంటే తెరచాప పడవ, మాట్లాడుకున్నాం. పడవ నడిపే కుర్రాడు తెరచాప ఎత్తగానే గాలి మమ్మల్ని ప్రవాహానికి ఎదురు తోసుకుపోయింది, అక్కడ గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, నైలు నది ఉత్తరానికి పారుతుంది. కిచెనర్ దీవి దాటగానే పడమటి ఒడ్డున, ఇసక కొండ నెత్తిన, చతురస్రంగా ఒక కట్టడం, పైన చిన్న గుమ్మటం. ఒకప్పుడు ఈజిప్టుని ఏలిన ఫాతిమీల సమాధుల పద్ధతిలో కట్టారట. వజ్రాల తూకం మనిషికి ఇంత పొదుపుగానా అనిపించింది. కింద తెల్లటి విల్లా ఉంది. ఆయన చలికాలాలు గడిపింది అందులోనే. 1957లో స్విట్జర్లాండ్‌లో పోయినా ఇక్కడే పడుకోవాలని కోరుకున్నాడు.

"లోపలికి వెళ్ళాలి," అన్నాను. కుర్రాడు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. 1997 నుంచి సందర్శకులకి మూసేశారని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. బయల్దేరే ముందు ఒక్కసారి కనుక్కోకపోవడం నా తప్పే. ఈయన ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

కుర్రాడు నా ముఖం చూసి కాబోలు, ఆగాఖాన్ భార్య బేగం కథ ఎత్తుకున్నాడు. ఫ్రెంచి ఆవిడ, 1930లో మిస్ ఫ్రాన్స్, పెళ్ళయ్యాక ఉమ్మ్ హబీబా. ఇక్కడున్నన్నాళ్ళూ రోజూ సమాధి మీద ఒక ఎర్ర గులాబీ పెట్టేదని, ఒకసారి గులాబీ దొరక్కపోతే పారిస్ నుంచి విమానంలో తెప్పించిందని. ఆ విమానం సంగతి నేను నమ్మను, గులాబీ సంగతి నమ్ముతాను. 2000లో ఆవిడా పోయింది, ఆయన పక్కనే ఉంది. మేం వచ్చేశాక, 2025 ఫిబ్రవరిలో, ఆయన మనవడు నాలుగో ఆగాఖాన్‌నీ అక్కడికే చేర్చారు.

నేను తలొంచుకుని కూర్చున్నాను. పక్కన ఏదో వినిపించి చూస్తే, ఈయన కొండ వైపు తిరిగి, అరచేతులు పైకెత్తి, పోయినవాళ్ళ కోసం ఫాతిహా చదువుతున్నారు. నేనూ చున్నీ సర్దుకుని చేతులెత్తాను. కుర్రాడు చప్పుడు లేకుండా తెరచాప దించేశాడు. ఆమీన్ అనేసరికి పడవ ప్రవాహంతో పాటు జారిపోయి, కొండ మాకు వెనకబడింది.