డబ్బాలో ఉడికిన గుడ్డు

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఈ రోజు పాప చర్మం డాక్టరమ్మకు చూపించడానికి బరంపురం వెళ్ళి వచ్చాం. చేతిసంచిలో దాని గౌను, నీళ్ళ సీసా, స్టీలు డబ్బాలో ఒక ఉడికిన గుడ్డు. పర్లాకిమిడిలో బస్సెక్కింది మొదలు దిగేదాకా ఆ డబ్బాను ఒళ్ళోంచి దించలేదు. మా ఇంట్లో గుడ్డు ఉడికి తొమ్మిది నెలలైంది మరి.

పాపకు మూడేళ్ళు. నాలుగో నెలలో బుగ్గలు ఎర్రబడి పొట్టు రేగడంతో మొదలైంది. ఇప్పుడు మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక. రాత్రంతా గోక్కుంటుంది, తెల్లారేసరికి దుప్పటి మీద నెత్తుటి చారలు. వీధిలో కొందరు తామర అన్నారు, కొందరు గజ్జి అనుకుని తమ పిల్లల్ని పక్కకు లాక్కున్నారు. ఎదురింటి ఒడియా మావుసి ఒక్కతే ఎత్తుకుని, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆవనూనె రాసేది. ఇది ఎగ్జిమా, ఒకరి నుంచి ఒకరికి అంటదు అని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ముందుగా ఆమే గుర్తొచ్చింది.

గుడ్డు, వేరుశనగ, పాలు, వంకాయ. తలా ఒకటి మాన్పించారు. రక్తపరీక్షలో గుడ్డుకు ఎదురుగా అంకె కాస్త ఎక్కువ ఉందని ఒకచోట పూర్తిగా ఆపేయమన్నారు, ఆపేశాం. పిల్ల బరువు పెరగడం ఆగిపోయింది. దురద మాత్రం ఆగలేదు.

"తిండి పడక చర్మం పాడైందని మీరనుకుంటున్నారు. చాలామంది పిల్లల్లో ముందు పాడయ్యేది చర్మమే" అన్నారు డాక్టరమ్మ. చర్మాన్ని గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువట. ఎగ్జిమాకు ఆ జన్యువుతో ఉన్న సంబంధం 2006లో బయటపడింది. ఇటుకల మధ్య సున్నం రాలిన గోడలా, ఆ చర్మంలో తేమ నిలవదు. ఇంటి దుమ్ములో ఉండే గుడ్డు, వేరుశనగ నలుసులు ఆ సందుల్లోంచి దూరితే ఒళ్ళు వాటిని దొంగలనుకుంటుంది. అవే నోటి గుండా వస్తే చుట్టాల్లా ఒప్పుకోవడం నేర్చుకుంటుంది. మా మామగారి ఉబ్బసం, మా ఆయన తుమ్ములు కూడా ఎగ్జిమా కుటుంబానికి చెందినవేనని విన్నాక మా ఆయన ముఖం వాడిపోయింది. ఇందులో ఆయన తప్పేముంది?

పరీక్షలో అంకె కనిపించినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదని, తినిపించి చూస్తేనే తేలుతుందని చెప్పారు. అందుకే ఆ డబ్బా. ఎక్కువకాలం మానేసినదాన్ని ఇంట్లో మన అంతట మనం తిరిగి పెడితే ఒక్కోసారి ఊపిరి మీదకు రావచ్చట. పక్క బల్ల మీద అలాంటప్పుడు వేసే ఎడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టుకుని, ముందు ఆవగింజంత, కాసేపాగి శనగగింజంత, అలా పెంచుకుంటూ పోయారు. చివరి ముక్క తిన్నాక ఇంకో రెండు గంటలు కూర్చోమన్నారు. పాప పెదవుల మీద నుంచి నేను చూపు తిప్పలేదు.

ఆ రెండు గంటల్లోనే డాక్టరమ్మ లండన్‌లో జరిగిన లీప్ అధ్యయనం గురించి చెప్పారు. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్లో సగం మందికి వేరుశనగ పెడుతూ వచ్చారు, సగం మందికి మాన్పించారు. 2015లో ఫలితం వచ్చింది. తిన్నవాళ్ళలో ఐదేళ్ళ వయసుకు వేరుశనగ ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువ. మేమేమో పల్లీ పచ్చడి చేసిన రోజు పిల్లను పక్క గదిలో కూర్చోబెట్టాం. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటోంది.

ఏమీ కాలేదు. దద్దు లేదు, వాంతి లేదు. "ఇంకోటి" అని చెయ్యి చాపింది.

వంకాయ ఈ పూట నుంచే పెట్టవచ్చు. పాలు, వేరుశనగ ఒక్కొక్కటిగా ఆవిడ ఎదుటే. అసలు పని చర్మానిది: గోరువెచ్చని నీళ్ళతో కొద్దిసేపు స్నానం, తడి ఆరకముందే ఒళ్ళంతా క్రీము, ఎర్రబడిన చోట రాసిచ్చిన ఆయింట్‌మెంటు. ఆవనూనె ఇలాంటి చర్మాన్ని ఇంకా రేపుతుంది కనుక మానేయాలి.

మా ఆయన వస్తూ అరడజను గుడ్లు తెచ్చారు. పొద్దున్నే మావుసి వస్తుంది, నూనె గిన్నె పట్టుకుని. క్రీము డబ్బా ఆమె చేతికే ఇస్తాను. రాయడం మాత్రం ఆమే రాయాలి.