6:08, పన్నెండు రూపాయల టీ

మొదట నేను చూసింది పేపరు. వరండాలో కుర్చీలో కూర్చున్న నాన్న కుడిచేతిలోంచి అది మెల్లగా జారి కింద పడింది. తీసుకోవడానికి వంగలేదు, అసలు పడిందని తెలిసినట్టే లేదు. "ఏంటి నాన్నా?" అంటే నావైపు తిరిగాడు. మూతి ఎడమ పక్కకి లాగేసి ఉంది. ఏదో చెప్పబోయి "మంచం... మంచం..." అన్నాడు. ఏళ్ల తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పిన నోరది.

టైము 6:50. మా వాడి స్కూలు బస్సు ఏడింటికి, అందుకే గడియారం చూస్తూనే ఉన్నాను.

గుంటూరు లక్ష్మీపురంలో మా ఇల్లు. అమ్మానాన్న కింద, మేం పై వాటాలో. ఐదు నిమిషాల్లో వరండా నిండిపోయింది. పక్కింటావిడ బీపీ మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టమంది. అమ్మ మంచినీళ్లు తాగించబోయింది. ఫోన్లో బాబాయి, "పక్షవాతమే, పావురం రక్తం రాయిస్తే పోతుంది, మనూరి వైపు చేసేవాళ్లున్నారు" అంటున్నాడు. నేను నీళ్ల గ్లాసు లాక్కున్నాను. తెలిసి చేసింది కాదు, పొలమారుతుందేమోనని భయం. గొంతు పనిచేస్తోందో లేదో చూడకుండా నీళ్లిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని, మాత్ర వేసి బీపీ ఒక్కసారిగా దించేస్తే మెదడుకి అందే కాస్త రక్తం కూడా తగ్గుతుందని తర్వాత చెప్పారు.

108కి చేస్తే బండి వస్తోందన్నారు. ఆగే ఓపిక లేక మా ఆయన కారు తీశాడు. అక్కడే తప్పు చేశాం. దగ్గర్లో ఉంది కదా అని ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లాం. అక్కడ తల లోపల చూసే సీటీ స్కాన్ మిషను లేదు. లేదని గుమ్మంలోనే చెబితే పోయేది. చెప్పకుండా సెలైన్ పెట్టి, "పెద్ద డాక్టరుగారు తొమ్మిదింటికి వస్తారు, చూద్దాం" అన్నారు. పాతిక నిమిషాలు పోయాయి. స్ట్రోక్‌లో, అంటే ఈ పక్షవాతంలో, నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) చచ్చిపోతాయని డాక్టర్లు లెక్క కట్టారట. నాన్న కూతుర్ని కదా, ఆ రాత్రి కూర్చుని హెచ్చవేశాను. 4 కోట్ల 75 లక్షలు. ఆ సెలైన్ బిల్లు కూడా కట్టాం.

7:45కి కొత్తపేటలో సీటీ ఉన్న ఆసుపత్రికి చేరాం. అక్కడ మాత్రం క్షణం ఆగలేదు. "ఎప్పుడు మొదలైంది?" అంటూనే స్ట్రెచర్ తోసుకెళ్లారు. వేలికి గుచ్చి షుగర్ చూశారు. షుగర్ బాగా పడిపోయినా మాట ముద్దగా వచ్చి, చెయ్యి పడిపోయి అచ్చం స్ట్రోక్‌లాగే ఉంటుందట, అందుకని. 8:05కల్లా సీటీ అయిపోయింది. రక్తనాళం చిట్లలేదు. అంటే నాళంలో గడ్డ అడ్డుపడింది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ ఇవ్వాలా వద్దా అని చెప్పాల్సిన న్యూరాలజిస్టు, అంటే మెదడు డాక్టరు, ఆ టైములో అక్కడ లేరు.

చక్రాల స్టాండు మీద ఒక స్క్రీను తెచ్చి నాన్న మంచం పక్కన పెట్టారు. అందులో ఒకావిడ. హైదరాబాద్‌లో, వాళ్లింట్లోనే ఉన్నట్టున్నారు. వెనక పూల కర్టెను, మధ్యలో కుక్కర్ విజిల్ కూడా వినిపించింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఇక్కడ మనిషి పోతుంటే టీవీలో డాక్టరా? కానీ రెండు నిమిషాల్లో మనసు మారింది. మా ఎదురుగా ఉన్న డ్యూటీ డాక్టర్ కంటే ఆవిడే నాన్నని దగ్గరగా చూస్తోంది. కెమెరాని కళ్లమీదకి జూమ్ చేసి, "సిస్టర్, మీ వేలు ఎడమ నుంచి కుడికి తిప్పండి" అంటే నర్సు తిప్పింది. కళ్లు ఆవిడవి, చేతులు నర్సువి.

"మాష్టారూ, ఇది ఏ నెలండీ? మీ వయసెంత?" రెండింటికీ జవాబు "మంచం". చేతులు చాచి పట్టుకోమని పది దాకా లెక్కపెట్టారు, కుడిచెయ్యి నాలుగుకే మంచం మీద పడింది. కాలికి ఐదు దాకా లెక్క. తర్వాత బొమ్మల అట్ట. చేతి తొడుగు, తాళంచెవి, బ్రహ్మజెముడు, కుర్చీ, ఈక, చివర్లో రెండు చెట్ల మధ్య కట్టిన వల ఊయల. అన్నిటికీ నాన్న ఒకటే మాట. మొత్తం 42 పాయింట్ల లెక్కలో 12 వచ్చింది. నాన్న పెట్టిన పరీక్షల్లో ఎక్కువ మార్కులొస్తే సంబరం, ఇక్కడ ఎక్కువైతే అంత నష్టం.

అప్పుడు మళ్లీ ఆ ప్రశ్న. "మాష్టారు మామూలుగా ఉండగా ఆఖరిసారి చూసింది ఎవరు? ఎన్నింటికి?"

6:50 అన్నాను. "అది మీరు కనిపెట్టిన టైమమ్మా. నాకు కావాల్సింది బాగున్న టైము." అమ్మ వణుకుతూ, "రాత్రి పదింటికి పడుకున్నారండీ. పొద్దున నేను లేచేసరికే వాకింగ్‌కి వెళ్లిపోయారు. ఆరున్నర దాటాక గేటు చప్పుడైంది, నేను పూజలో ఉన్నా" అంది. "మాట్లాడారా?" లేదు. "అయితే గేటు చప్పుడు చాలదు. ఇంకెవరూ చూడకపోతే రాత్రి పది నుంచే లెక్కపెట్టాలి." ఆ లెక్కన పది గంటలు దాటిపోయింది. ఈ ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. గడువు దాటాక ఇస్తే మేలు తగ్గి, దెబ్బతిన్న మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుందట. టైము తెలియనివాళ్లకి ఎంఆర్ఐ తీసి తేల్చే పద్ధతి ఉందట గానీ, దానికి ఇంకాస్త ఆలస్యం.

నాన్న రోజూ బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియంలో నడిచి, బయట టీ తాగి వస్తాడు. చిల్లర దగ్గర పేచీ ఎందుకని ఈ మధ్య ఫోన్‌పే నేర్చుకున్నాడు. చొక్కా జేబులోంచి ఫోను తీశాను. లాక్. నంబరు అడిగితే చెప్పలేడు. కదలని కుడిచేతిని ఎత్తి, బొటనవేలు ఫోను మీద ఆనించాను. తడి గుడ్డని పట్టుకున్నట్టుంది ఆ చెయ్యి. మొదటిసారి తెరుచుకోలేదు. నా కొంగుతో వేలు తుడిచి మళ్లీ పెట్టాను.

12 రూపాయలు. పొద్దున 6:08.

స్క్రీనుకి చూపించాను. "డబ్బు కట్టారు సరే, మాట, నడక బాగున్నాయని చెప్పేవాళ్లు కావాలి" అందావిడ. అంతకుముందే మా ఆయన స్టేడియం దగ్గరికి పరిగెత్తాడు. టీ బండి అతను ఫోన్లోకొచ్చి, "మాష్టారికేమైందమ్మా? పొద్దున టీలో అల్లం వెయ్యలేదని నన్ను కడిగేశారే! గ్లాసు తనే తీసుకెళ్లి బకెట్లో వేసి, నడుచుకుంటూ వెళ్లారు" అన్నాడు. స్పీకర్లో డాక్టరమ్మ విన్నది. "చాలు. 6:08. మనకి 10:38 దాకా ఉంది, కానీ అంతదాకా ఆగొద్దు."

ఇక బీపీ. 196/104 ఉంది. 185/110 లోపు ఉంటేనే ఇస్తారు. నరంలోకి మందిచ్చి కాస్త కాస్తగా దించారు. ఈలోపు నాతో మాట్లాడింది: రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈ మధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా, తలకి దెబ్బ తగిలిందా. "ఈ మందు ఇస్తే నూటికి ఆరుగురి దాకా మెదడులో రక్తస్రావం కావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. ఇవ్వకపోతే ఈ చెయ్యి, ఈ మాట ఇలాగే ఉండిపోయే అవకాశం ఎక్కువ. నేనైతే ఇస్తాను." సంతకం పెట్టాను. అంత సూటిగా మాట్లాడిన డాక్టర్ని నేను అంతకుముందు చూడలేదు.

మంచం మీదే బరువు తూచారు, 70 కిలోలు. కిలోకి 0.9 మిల్లీగ్రాముల చొప్పున 63. అందులో పదో వంతు ఒక్క నిమిషంలో, మిగిలింది గంటసేపు పంపు మీద. 50 సీసా ఒకటి, 20 సీసా ఒకటి తెప్పించారు. ఒక్కో సీసా ధర వేలల్లో. 8:42కి మొదటి చుక్క వెళ్లింది. మెడ, తల రక్తనాళాల స్కాన్ కూడా చూసి, పెద్ద నాళం మూసుకుపోలేదు కాబట్టి తీగ పంపి గడ్డ లాగే పని అక్కర్లేదన్నారు.

సినిమాలోలాగా లేచి కూర్చోలేదు. పదిహేను నిమిషాలకోసారి బీపీ, చెయ్యెత్తమనడం, పేరడగడం. పదింటికి నా వేలు పట్టుకుని నొక్కాడు, అంతే. ఆస్ప్రిన్ కూడా 24 గంటలయ్యాక, రెండో సీటీలో రక్తం లేదని చూశాకే ఇచ్చారు. మూడో రోజు "అమ్మ ఏది?" అన్నాడు.

గుండె కొట్టుకోవడంలో క్రమం తప్పుతోందని, గడ్డ అక్కడే పుట్టిందని ఆ వారంలోనే తేలింది. ఇప్పుడు రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాడు. అది వేసుకుంటున్న సంగతి ఈసారి ఏం జరిగినా మొదటి మాటగా చెప్పాలి, దాన్నిబట్టి ఆ ఇంజెక్షన్ ఇవ్వచ్చో లేదో మారిపోతుంది. మాత్ర పేరు, వేసుకునే టైము, 24 గంటలూ సీటీ ఉండే ఆసుపత్రి నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. బాబాయికి కూడా వాట్సాప్ చేశాను.

హిమాచల్ ప్రదేశ్‌లో న్యూరాలజిస్టు లేని జిల్లా ఆసుపత్రుల్లో ఇలాగే ఫోన్లో సలహా తీసుకుని ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చే ఏర్పాటు 2014లోనే మొదలైందని తర్వాత చదివాను. కొండల్లో అయింది మన దగ్గర ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఎందుకు కాకూడదో నాకు అర్థం కాదు.

మూడు నెలల చెకప్ కూడా ఆ డాక్టరమ్మతో వీడియోలోనే. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నెల చెప్పాడు, వయసు చెప్పాడు. చెంచా అనబోయి ఇప్పటికీ ఒక్కోసారి తాళం అంటాడు గానీ, బొమ్మలు గబగబా చెప్పేశాడు. ఆఖరి బొమ్మ దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "చేపల వల" అన్నాడు.

నా గుండె జారింది. ఆవిడ నవ్వేసింది. "ఫర్వాలేదు మాష్టారూ, కాలేజీలో మొదటిసారి చూసినప్పుడు నేనూ అదే అన్నాను."