ఆ టీచర్ గురించే నా బాధ

సోవియట్ దర్శకుడు రొలాన్ బైకొవ్ తీసిన 'చూచెలో' (అంటే దిష్టిబొమ్మ) సినిమాలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఆరో తరగతి పిల్లలు కాదు, వాళ్ల క్లాస్ టీచర్ మార్గరీటా ఇవానొవ్నా. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. పెళ్లి కుదిరిన సంతోషంలో ఉంది, అంతే. పిల్లలను పలకరిస్తుంది, వెళ్లిపోతుంది. తన క్లాసు పిల్లను మిగతా పిల్లలంతా కలిసి వేటాడుతుంటే ఆవిడకు పట్టదు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతికి తెలుగు చెబుతాను. మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదో చూడటం కూడా నా పనే అని నమ్ముతాను. అందుకే ఆవిడ తెరమీద కనిపించిన ప్రతిసారీ నాకు టెన్షన్.

కథ చిన్నదే. లేనా అనే అమ్మాయి చిన్న ఊళ్లో ఉండే తాతయ్య దగ్గరికి వచ్చి కొత్త బడిలో చేరుతుంది. చేరిన రోజే పిల్లలు 'దిష్టిబొమ్మ' అని పేరు పెట్టేస్తారు. ఒకరోజు క్లాసంతా బడి ఎగ్గొట్టి సినిమాకు వెళ్తుంది. దీమా అనే అబ్బాయి ఆ సంగతి టీచరుకు చెప్పేస్తాడు. పిల్లలు సొంతంగా డబ్బు సంపాదించుకుని ఎదురుచూస్తున్న మాస్కో ప్రయాణం రద్దవుతుంది. చెప్పిందెవరని గొడవ మొదలైనప్పుడు, దీమా మీద ఇష్టంతో లేనా ఆ నింద తన మీద వేసుకుంటుంది. రేపో మాపో అతనే ఒప్పుకుంటాడని ఎదురుచూస్తుంది. అతను ఒప్పుకోడు. ఎవరు చెప్పారో టీచరుకు తెలుసు. ఆవిడ నోటి నుంచి ఒక్క మాట వచ్చి ఉంటే అంతా అక్కడే ఆగిపోయేది.

ఆగలేదు కాబట్టి పిల్లలు లేనా గౌను లాక్కుని గడ్డిబొమ్మకు తొడిగి మంట పెడతారు. దీమా అక్కడే ఉంటాడు, నోరు మెదపడు. నన్ను కదిలించింది మంటకంటే ఆ మౌనమే.

ఆ టీచరుగా నటించిన ఎలేనా సనాయెవా దర్శకుడి భార్య. లేనాను వెనకేసుకొచ్చే కళ్లజోడు అబ్బాయి వసీల్యెవ్‌గా వేసింది ఆవిడ కొడుకు పావెల్. పిల్లల సినిమాలో పిల్లల క్రూరత్వాన్ని, పెద్దల అశ్రద్ధను ఇంత సూటిగా చూపించాలనుకున్న బైకొవ్, ఆ అశ్రద్ధ పాత్రను సొంత ఇంటిమనిషికి ఇచ్చాడు. ఇది నాకు చాలా నచ్చింది.

ఇక తాతయ్య. యూరీ నికూలిన్ అంటే రష్యాలో సర్కస్ విదూషకుడు. ఆయన ముఖం చూస్తేనే నవ్వేవాళ్లు జనం. అలాంటి మనిషికి బైకొవ్ అతుకుల కోటు వేసి, ఊరంతా వెక్కిరించే ముసలాయనను చేశాడు. ఉన్న డబ్బంతా తన వంశంలోని పాతకాలపు చిత్రకారుడి బొమ్మలు వెతికి కొనడానికే పెడతాడు, అందుకే ఆ కోటు. మనవరాలు తన కథ చెబుతుంటే ఆయన వినే తీరు చూడండి. వెంటనే సలహా ఇవ్వడు, తొందరపడి ఓదార్చడు. పిల్లలతో మాట్లాడే వాళ్లంతా ఆ వినడం నేర్చుకోవాలి.

లేనాగా నటించిన క్రిస్తీనా ఒర్బకైతే గాయని అల్లా పుగచోవా కూతురు. షూటింగ్ నాటికి ఇంకా చిన్నపిల్లే. ఒక సన్నివేశంలో గుండుతో, కాలిన గౌనుతో దీమా పుట్టినరోజు పార్టీకి వచ్చి అందరి ముందూ వెక్కిరింపుగా ఆడుతుంది. ఆ వయసు పిల్ల ముఖంలో అంత తెగింపు నేను మరే సినిమాలోనూ చూడలేదు.

సంగీతం సోఫియా గుబైదూలినాది. 1979లో సోవియట్ సంగీతకారుల సంఘం మహాసభలో పేరు పెట్టి మరీ తిట్టిన స్వరకర్తల్లో ఆవిడ ఒకరు. సినిమాలకు సంగీతం చేసి బతికేవారు. రష్యన్ల మోగ్లీ యానిమేషన్ సినిమాల సంగీతమూ ఆవిడదే. గుంపు వెలివేసిన పిల్ల కథకు అలాంటి మనిషి సంగీతం దొరకడం ఈ సినిమా అదృష్టం.

వ్లదీమిర్ జెలెజ్నికొవ్ రాసిన కథ ఇది, స్క్రిప్టులోనూ ఆయన చెయ్యి ఉంది. 1984లో విడుదలైనప్పుడు సోవియట్ పిల్లలు ఇలా ఉంటారా అని పెద్ద గొడవ జరిగింది. రెండేళ్లకు, 1986లో ప్రభుత్వ బహుమతి వచ్చింది.

నా సహోద్యోగులకు చూపించాలనుకునే ఘట్టం మంట కాదు, దాని తర్వాతది. నిజం బయటపడగానే అదే గుంపు, అదే ఊపుతో దీమాను వెలివేయాలని చేతులెత్తుతుంది. లేనా చెయ్యి ఎత్తదు. తనను మంట మీద నిలబెట్టారని, అందుకే తను ఎవరినీ వేటాడనని చెబుతుంది. మన స్టాఫ్ రూముల్లో 'తప్పు చేసినవాణ్ని క్లాసు ముందు నిలబెడితే బుద్ధొస్తుంది' అనే వాళ్లున్నారు. ఈ ఒక్క ఘట్టం వాళ్లతో కలిసి చూసి, తర్వాత గంటసేపు మాట్లాడుకోవాలని ఉంది. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఈసారి అడుగుతాను.