నూజివీడు రసాలతో మైక్రోవేవ్‌లో కోవా: నా అనుభవం

మామిడి కోవా మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాల్లో అయిపోతుందని వీడియోల్లో చెబుతున్నారు. అవ్వదు. పాలపొడిలో రెండు చెంచాల మామిడి రసం కలిపి వేడి చేసి దాన్నే కోవా అనుకుంటే అవుతుందేమో గానీ, రసం చిక్కబడి, పాలతో కలిసి, నెయ్యి వదిలే కోవా కావాలంటే ఇరవై నిమిషాలు దాటుతుంది. అయినా ఇది మంచి పద్ధతే. మే నెల ఎండలో స్టవ్ ముందు నిలబడి ముప్పావుగంట గరిటె తిప్పక్కర్లేదు, అడుగంటే భయం లేదు. నిన్న సాయంత్రం నాకు పక్కాగా కుదిరింది. కొలతలు, సమయాలు గుర్తుండగానే రాసేస్తున్నాను. వంట కంటే సర్వీసు సెంటరు సంగతే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే నన్ను బాధపెట్టింది అదే.

మాది విజయవాడ. నూజివీడు దగ్గర తోట ఉన్న మా బంధువులు ఏటా ఒక బుట్ట చిన్న రసాలు పంపిస్తారు. రసాలతో చిక్కేమిటంటే అన్నీ ఒక్కసారే మాగుతాయి. పొద్దున గట్టిగా ఉన్న కాయ మర్నాటికి మెత్తబడి ముచ్చిక దగ్గర తడి తేలుతుంది. ఇంట్లో ఇద్దరమే. ఎన్నని జుర్రుకుంటాం? బంగినపల్లి అయితే ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, రసాలకు ఆ వీలు లేదు. అందుకే కోవా.

పండు మాత్రం చెట్టున పక్వానికొచ్చి, గడ్డిలో మాగినదే అయ్యుండాలి. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువుకు మాత్రం పరిమితితో అనుమతి ఉంది. అయినా బజార్లో కార్బైడ్ పళ్ళు దొరుకుతూనే ఉన్నాయి. పైకి పసుపు తిరిగి ఉంటాయి, లోపల పులుపు పోదు. తినేవాళ్ళ ఆరోగ్యం సంగతి వ్యాపారులకు పట్టకపోతే అధికారులకైనా పట్టాలి కదా. మన వంట వరకు చెప్పాలంటే, పుల్లటి రసంలో పాలు పడితే వేడికి విరిగిపోతాయి. కాబట్టి రసం పిండాక ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూడండి. పులుపు తగిలితే దాన్ని పప్పులోకో పచ్చడిలోకో వాడుకోండి.

పళ్ళు కడిగి, ముచ్చిక తీసి, సొన పిండేసి, రసం గిన్నెలోకి పిండుకుని స్టీలు జల్లెడలో వడకట్టాను. పీచు, టెంకలు పక్కకు పోయాయి.

కొలతలు ఇవి: వడకట్టిన రసం అర లీటరు, పాలపొడి 150 గ్రాములు, పంచదార 75 గ్రాములు, నెయ్యి రెండు చెంచాలు, ఏలకుల పొడి చిటికెడు. గిన్నె మాత్రం రెండున్నర లీటర్లది, వెడల్పాటిది, వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజుది. అర లీటరుకు అంత గిన్నె ఎందుకంటే చిక్కటి రసం ఉడికేటప్పుడు తుళ్ళి మీదికొస్తుంది. బంగారు అంచున్న పింగాణీ, స్టీలు గిన్నెలు పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి.

మొదటిసారి ఒక వీడియో చూసి చేశాను. అందులో ఆవిడ రసాన్ని ఫుల్ పవర్‌లో నాలుగు నిమిషాలు పెట్టింది, పాలపొడి కలిపాక సగం పవర్‌లో మరికాస్త పెట్టమంది. ఏ ఓవెన్? ఎన్ని వాట్లు? ఒక్క ముక్క లేదు. వాట్లు చెప్పకుండా నిమిషాలు చెప్పడం అంటే స్టవ్ మంట ఎంతో చెప్పకుండా ఎన్ని నిమిషాలో చెప్పడమే. లక్షల మంది చూసే వీడియోలో ఈ పాటి బాధ్యత లేకపోవడం నాకు నచ్చలేదు. నా ఓవెన్లో నాలుగు నిమిషాలకు రసం వెచ్చబడి కాస్త కుతకుతలాడింది, అంతే. చిక్కబడే వరకు పొడిగిస్తూ పోయాను. పాలపొడి వేసి సగం పవర్ పెట్టాక మొదలైంది అసలు తంటా.

ఓవెన్లోంచి వచ్చే హోరు కాసేపు ఉంటుంది, హఠాత్తుగా తగ్గిపోతుంది. లోపల దీపం వెలుగుతూనే ఉంది, పళ్ళెం తిరుగుతూనే ఉంది, ఫ్యాను శబ్దమూ ఉంది. కానీ ఆ బరువైన గుర్రుమనే శబ్దం మాత్రం ఉండటం లేదు. మళ్ళీ కొన్ని సెకన్లకు వస్తుంది, మళ్ళీ పోతుంది. లోపల కోవా బుడగలు వేయడం, ఆగిపోవడం. ఈ ఓవెన్ మా అబ్బాయి కొత్తది కొనుక్కుని తన పాతది మాకు పంపించింది. మాన్యువల్ హైదరాబాదులో వాళ్ళింట్లోనే ఉండిపోయింది. మావారు చూసి, "పాడైపోయింది" అని తేల్చేసి సర్వీసు సెంటరుకు ఫోన్ చేశారు. ఆ రోజు కోవా స్టవ్ మీద పూర్తి చేశాను.

మర్నాడు ఒక కుర్రాడు వచ్చాడు. ఓవెన్ ఆన్ చేసి, నేను చెప్పినట్టే సగం పవర్ పెట్టి, శబ్దం విని, అర నిమిషంలో చెప్పేశాడు: "మాగ్నెట్రాన్ వీక్ అయింది సార్, మార్చాలి." మాగ్నెట్రాన్ అంటే ఓవెన్లో సూక్ష్మతరంగాలను పుట్టించే భాగం. ఖర్చు ఓవెన్ ధరలో సగానికి దగ్గరగా చెప్పాడు. నేను, "ఫుల్ పవర్‌లో పెడితే ఆగట్లేదు బాబూ, సగం పెట్టినప్పుడే ఆగుతోంది. మాగ్నెట్రాన్ పాడైతే రెండింట్లోనూ తేడా రావాలి కదా?" అని అడిగాను. అతను నా వైపు చూడలేదు. మావారి వైపు తిరిగి, "సార్, ఈ మెషిన్లు పెద్దవాళ్ళకి అర్థం కావు. అమ్మగారిని గ్యాస్ మీదే చేసుకోమనండి" అన్నాడు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉష్ణం, విద్యుత్తు, తరంగాలు, ఈ పాఠాలు నా దగ్గర చదువుకుని ఇంజనీర్లయిన పిల్లలు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు. నా వంటగదిలో, నా ప్రశ్నకు, నాకు కాకుండా ఇంకొకరికి జవాబు చెప్పడమా! అంతకంటే మింగుడు పడనిది, మావారు తల ఊపడం. విజిటింగ్ చార్జీ కట్టింది కూడా ఆయనే. నేను మాత్రం పట్టుబట్టి రసీదు మీద "మాగ్నెట్రాన్ మార్చాలి" అని రాయించి సంతకం పెట్టించుకున్నాను. మీరూ ఇది గుర్తుపెట్టుకోండి. నోటిమాటగా ఎన్ని పార్టులైనా పోయాయంటారు, కాగితం మీద రాయమంటే చెయ్యి ఆగుతుంది. ఇతనికి ఆగలేదు, అది నాకే మంచిదైంది.

అతను వెళ్ళాక అబ్బాయికి ఫోన్ చేసి మాన్యువల్లో పవర్ లెవెల్ పేజీ ఫోటో తీసి పంపమన్నాను. అందులో స్పష్టంగా ఉంది. మామూలు ఓవెన్లలో సగం పవర్ అంటే మాగ్నెట్రాన్ సగం బలంతో పనిచేయదు. పూర్తి బలంతోనే కాసేపు పనిచేసి, కాసేపు ఆగుతుంది. మొత్తం సమయంలో సగం సేపు పనిచేస్తే అది సగం పవర్. ఇన్వర్టర్ రకం ఓవెన్లలోనే బలం నిజంగా తగ్గుతుంది. అంటే మా ఓవెన్ చేయవలసిన పనే చేస్తోంది. రోజూ అవే బాగుచేసే మనిషికి ఇది తెలియకపోతే అతనికి శిక్షణ ఇవ్వని సంస్థది తప్పు. తెలిసీ మార్చాలంటే అది మోసం.

మాన్యువల్‌తో ఊరుకోలేదు. కొలిచి చూశాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. సరిగ్గా ఒక లీటరు నీళ్ళు గాజు గిన్నెలో పోసి, కలిపి, థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, ప్రయోగశాలలో వాడేదో వంటగది డిజిటల్‌దో కావాలి. ఫుల్ పవర్‌లో సరిగ్గా ఒక నిమిషం పెట్టి, బయటికి తీసి, బాగా కలిపి మళ్ళీ చూడండి. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ పెరగాలంటే 1,000 కేలరీలు, అంటే సుమారు 4,200 జౌళ్ళు కావాలి. అది 60 సెకన్లలో జరిగితే 70 వాట్లు. కాబట్టి ఎన్ని డిగ్రీలు పెరిగితే అన్ని 70లు. మా ఇంట్లో నీళ్ళు 27 డిగ్రీల నుంచి 38కి వచ్చాయి. పదకొండు డెబ్బైలు 770 వాట్లు. ఓవెన్ వెనక స్టిక్కర్ మీద ఔట్‌పుట్ 800 అని ఉంది. గిన్నె కూడా కాస్త వేడి తాగుతుంది కదా, సరిగ్గానే ఉన్నట్టు. ఆ స్టిక్కర్ మీద 1,200కు పైన ఇంకో అంకె కూడా ఉంటుంది, అది కరెంటు తీసుకునేది. వంటకు చూడవలసింది ఔట్‌పుట్టే, షాపుల్లో మాత్రం పెద్ద అంకె చూపించి అమ్ముతారు. తర్వాత కొత్త నీళ్ళతో సగం పవర్‌లో రెండు నిమిషాలు పెట్టాను. పదిన్నర డిగ్రీలు పెరిగింది. మాగ్నెట్రాన్ నిక్షేపంలా ఉంది.

థర్మామీటరు అంకెలన్నీ మావారిని పక్కన కూర్చోబెట్టి ఆయన చేతే రాయించాను. లెక్క పూర్తయ్యాక ఆయనే సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి డబ్బు వాపసు అడిగారు. వాళ్ళు ఇచ్చేది లేదన్నారు. రసీదు చేతిలో ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఎంత కాలం పట్టినా దీన్ని వదలను. ఒక మాట, కొలిచి చూడమన్నాను కదా అని ఓవెన్ వెనక మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత ఛార్జి ఉండిపోతుంది.

ఇక వాట్లు తెలిశాయి కాబట్టి ఐదు నిమిషాల మాట ఎందుకు అబద్ధమో చూడండి. రసాన్ని నీళ్ళుగానే లెక్కేద్దాం, తేడా కొద్దిదే. 500 గ్రాములను 27 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 36,500 కేలరీలు. అందులో సగం, 250 గ్రాములు, ఆవిరి కావాలంటే గ్రాముకు 540 చొప్పున 1,35,000 కేలరీలు. మొత్తం 1,71,500 కేలరీలు, జౌళ్ళలో 7,20,300. దాన్ని 770తో భాగిస్తే పదిహేనున్నర నిమిషాలు. హైస్కూలు పిల్లలకు చెప్పే గుప్తోష్ణం పాఠం ఇది. తలుపు తీస్తూ కలుపుతూ ఉంటే నాకు పద్దెనిమిది పట్టింది. ఏ వీడియో వచ్చినా ఈ లెక్క మారదు.

నిన్న చేసిన తీరు: రసం ఒక్కటే, మూత లేకుండా, ఫుల్ పవర్‌లో మూడేసి నిమిషాల చొప్పున. ప్రతిసారీ ఓవెన్ ఆగాక అర నిమిషం అలాగే వదిలి అప్పుడు కలపాలి. వెంటనే గరిటె పెడితే చిక్కటి రసం ఒక్కసారిగా చేతి మీదికి చిందుతుంది. అంచులనుంచి మధ్యకు కలపండి, ఎందుకంటే సూక్ష్మతరంగాలు పదార్థంలోకి రెండు మూడు సెంటీమీటర్ల వరకే బలంగా పోతాయి. రసం సగానికి తగ్గి, గరిటెతో గీస్తే అడుగు కనబడి మెల్లగా మూసుకునే దశలో పంచదార వేసి ఒక నిమిషం. ఆ తర్వాతే పాలపొడి, కొద్దికొద్దిగా, ఉండలు కట్టకుండా. నెయ్యి వేసి సగం పవర్‌లో నిమిషం చొప్పున కలుపుతూ నాలుగైదు నిమిషాలు. ముద్ద గిన్నె అంచు వదిలి, నేతి మెరుపు తేలితే అయినట్టు. ఏలకుల పొడి వేసి పది నిమిషాలు కదపకుండా వదిలితే ఇంకా బిగుస్తుంది. వేడి గిన్నెను తడి గ్రానైటు మీద పెట్టకండి, గాజు పగులుతుంది. మడతపెట్టిన పొడి గుడ్డ మీద పెట్టండి.

రంగు అచ్చం పండు రంగే. స్టవ్ మీద చేస్తే వచ్చే మాడు గోధుమరంగు లేదు. రుచి గురించి నేను చెప్పుకుంటే బాగుండదు గానీ, మా వీధిలో ఇంత మంచి మామిడి కోవా ఎవరింట్లోనూ తినలేదని పక్కింటావిడ అంది.

మా ఆడపడుచు మాత్రం ముట్టుకోలేదు. "మైక్రోవేవ్‌లోదా వదినా? రేడియేషన్ అంటారు, నాకొద్దు" అంది. ఈ భయం చదువుకున్నవాళ్ళలోనూ ఉంది. ఓవెన్లో ఉండేవి సెకనుకు 245 కోట్ల కంపనాల తరంగాలు, రేడియో తరంగాల జాతివే. ఎక్స్‌రేల్లా అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి వాటికి లేదు. నీటి అణువులను అటూ ఇటూ తిప్పుతాయి, ఆ రాపిడికి వేడి పుడుతుంది. స్విచ్ ఆపగానే అవి ఉండవు, కోవాలో ఏదీ మిగిలిపోదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం వాడిన మాగ్నెట్రానే ఇది. 1945లో అమెరికాలో రేథియాన్ కంపెనీలో పనిచేసే పెర్సీ స్పెన్సర్ దాంతో ఆహారం వేడెక్కుతుందని గమనించాడు. ఇదంతా ఆమెకు ఓపిగ్గా చెప్పాను. ఒప్పుకోలేదు. ఆమె మనవలు ఇద్దరూ చెరో గిన్నె తిన్నారు.

ఫ్రిజ్‌లో గాజు డబ్బాలో పెడితే నాలుగు రోజులు బాగుంటుంది, బయట పెట్టొద్దు. పీచు ఎక్కువున్న పళ్ళయితే రెండుసార్లు వడకట్టండి. ఎక్కువమందికి కావాలంటే కొలతలు రెట్టింపు చేసి ఒకే గిన్నెలో పెట్టకండి. మధ్య భాగానికి వేడి అందదు, సమయమూ రెట్టింపవుతుంది, పైగా పొంగుతుంది. రెండు విడతలుగా చేసుకోండి, ఒకటి ఓవెన్లో ఉండగా రెండోదానికి రసం పిండుకోవచ్చు.