రాయిలో నూనె

నిన్న పరకాల బంకులో ట్రాక్టరు కోసం క్యానులో డీజిల్ పట్టిస్తుంటే, కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి అంది: "నాన్నా, యూరప్‌లోని ఎస్టోనియా దేశంలో రాళ్ల నుంచి నూనె తీస్తారు." నవ్వాను.

ఆ రాయిలో ఉండేది నూనె కాదట, కెరోజెన్ అనే గట్టి పదార్థం. గాలి తగలకుండా దాదాపు 500 డిగ్రీల వేడిలో ఉంచితే ఆవిరి వస్తుంది. దాన్ని చల్లారిస్తే ముదురు రంగు నూనె, ఘాటైన వాసన. "అయితే ట్రాక్టరులో పోసేయవచ్చుగా?" అన్నాను. నా వైపు జాలిగా చూసింది. అందులో ఆక్సిజన్, గంధకం దండిగా ఉంటాయట. అధిక పీడనంలో హైడ్రోజన్ పట్టించి వాటిని వదిలిస్తే తప్ప మంచి డీజిల్ కాదు. 2020 నుంచి మన డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు మరి!

ఇన్ని చెప్పిన పిల్ల క్యాను మూత బిగించడం మరిచింది. చున్నీ నిండా డీజిల్. వాళ్లమ్మ రెండుసార్లు ఉతికినా వాసన పోలేదు.