సెకండ్‌హ్యాండ్ సింథ్ కీబోర్డ్ కొనేముందు ఒక్కో మెట్టూ (కీ) మెల్లగా నొక్కి చూడండి

మా అమ్మ పాడే మంగళహారతులు, ఊయల పాటలు ఆవిడ గొంతు బాగున్నప్పుడే రికార్డ్ చేసి పెట్టుకోవాలని ఎన్నేళ్ల నుంచో అనుకుంటున్నా. వెనకాల పెద్ద హంగామా ఏం వద్దు, శృతి, మెత్తగా కొంచెం స్ట్రింగ్స్ (వయొలిన్ల గుంపు లాంటి సౌండ్), అక్కడక్కడా ఫ్లూట్, అంతే. దానికోసం రెండేళ్ల కింద ఒక పాత కీబోర్డ్ కొన్నా. అమ్మే అబ్బాయి పెద్ద స్పీకర్‌కి పెట్టి దంచేసరికి అదిరిపోయింది అనుకుని అక్కడికక్కడే డబ్బులిచ్చి తెచ్చేసుకున్నా. ఇంటికొచ్చి రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెల్లగా వాయిస్తుంటే మధ్యలో జి కీ ఒక్కటి ఎంత సుతారంగా తాకినా ఠంగుమంటోంది. అమ్మది ఐదు శృతి, అంటే ఆ జి యే మాకు షడ్జమం, అదే 'స'! ఏ పాటైనా తిరిగి తిరిగి వచ్చి వాలేది దాని మీదే కదా.

విప్పి చూశాక అర్థమైంది. ప్రతి కీ కింద చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది, దాని లోపల రెండు నల్లటి కార్బన్ చుక్కలు, కీ నొక్కితే అవి ఒకదాని తర్వాత ఒకటి కింద బోర్డుకి తగులుతాయి, ఆ రెండిటి మధ్య ఎంత టైమ్ పట్టిందో చూసి మనం గట్టిగా కొట్టామా మెల్లగా నొక్కామా అని అది లెక్కేసుకుంటుంది, దాన్నే వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 దాకా ఉంటుంది. దుమ్ము చేరినా, కార్బన్ అరిగినా లెక్క తప్పుతుంది. నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కొన్నాళ్లు బానే ఉంది, మళ్లీ మొదలైంది. స్టేజి మీద డ్రమ్స్ మధ్య ఇది ఎవరికీ వినపడదు, ఇంట్లో ఒక్క గొంతు వెనకాల వాయించేటప్పుడు మాత్రం దాచుకోడానికి చోటే ఉండదు. అందుకే ఎన్ని టోన్లు, అంటే ఎన్ని రకాల వాయిద్యాల సౌండ్లు ఉన్నాయనేది నేను ఆఖర్న చూస్తా, ముందు కీలు.

దాని బదులు ఇంకోటి కొందామని రెండోసారి వెళ్లినప్పుడు లాప్‌టాప్, యూఎస్‌బీ కేబుల్, హెడ్‌ఫోన్స్ పట్టుకుని వెళ్లా. పియానో టోన్ పెట్టి కింది నుంచి పైదాకా 61 కీలూ ఒకే మోస్తరుగా, మెల్లగా నొక్కుతూ స్క్రీన్ మీద వెలాసిటీ నంబర్లు చూసుకున్నా. అన్నీ 40, 45 అలా వస్తూ మధ్యలో ఒకటి 110 కొట్టిందంటే ఆ కీకి జబ్బు ఉన్నట్టే. మధ్య కీల దగ్గర ఇంకాస్త టైమ్ తీసుకోండి, అందరి చేతులూ ఎక్కువగా ఆడేది అక్కడే.

తర్వాత బెండర్, అంటే స్వరాన్ని పైకీ కిందకీ జార్చే మీట లేదా చక్రం. మన పాటలకి ఇది ప్రాణం, గమకం అంతా దాంట్లోనే కదా. ఫ్లూట్ టోన్‌లో ఒక స్వరం పట్టుకుని పైకి లాగి వదిలేస్తే తిరిగి కచ్చితంగా అదే శృతికి రావాలి. అరిగిపోయిన బెండర్ వదిలేశాక కూడా పిసరంత పైనో కిందో ఆగిపోతుంది, తంబురా పక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది.

యూఎస్‌బీ ఉందా అంటే అమ్మేవాళ్లందరూ ఉందనే అంటారు. కానీ చాలావాటిలో అది మిడి మాత్రమే, అంటే ఏ కీ ఎప్పుడు నొక్కామో వెళ్తుంది గానీ సౌండ్ వెళ్లదు, దానికి సౌండ్‌ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే డబ్బా వేరే కొనాలి. యమహా ఎంఎక్స్61, రోలాండ్ జూనో డీఎస్61 లాంటివాటిలో ఆడియో కూడా అదే వైర్‌లో వస్తుంది. నేను ఈ రెండిటి మధ్యే చాలా ఊగిసలాడా. జూనోకి మైక్ ఇన్‌పుట్ ఉంది, బ్యాటరీల మీద కూడా నడుస్తుంది, ఊళ్లు తిరిగి వాయించేవాళ్లైతే అదే తీసుకోండి. నాకు ఇల్లు దాటే పని లేదు, పైగా ఎంఎక్స్‌లో యమహా వాళ్లదే పెద్ద సింథ్ మోటిఫ్ ఎక్స్‌ఎస్ నుంచి తెచ్చిన స్ట్రింగ్స్ ఉంటాయి, అవి విన్నాక ఇంక వేరేదాని మీదకి మనసు పోలేదు. 27 వేలకి ఇచ్చాడు, ఆఫ్టర్‌టచ్ (కీ నొక్కాక ఇంకాస్త అదిమితే సౌండ్ మారడం) లేదు, స్క్రీన్ చిన్నది, అయినా పర్లేదనిపించింది.

అడాప్టర్ మాత్రం ఒరిజినల్ అడిగి తీసుకోండి. ఏదో ఒకటి పెట్టొద్దు, పిన్ పట్టినంత మాత్రాన సరిపోదు, యమహాలో మామూలుగా పిన్ మధ్యలో పాజిటివ్, రోలాండ్‌లో చాలావాటికి నెగటివ్.

ఇంట్లో పెట్టాక మొదటిరోజు గుయ్‌మని హమ్ వచ్చింది, గుండె జారిపోయింది. తీరా చూస్తే లాప్‌టాప్ చార్జర్ వల్ల! అది పీకేసి లాప్‌టాప్ బ్యాటరీ మీద రికార్డ్ చేస్తే చప్పుడే లేదు.

మొన్న శుక్రవారం ఫ్యాన్ ఆపేసి, కిటికీలకి దుప్పట్లు కట్టి, అమ్మని కూర్చోబెట్టి మొదటి హారతి పాట తీశాం. వెనక స్ట్రింగ్స్ ఎంత మెల్లగా వాయించానంటే స్క్రీన్ మీద నంబర్లు 30 దాటలేదు. అంతా అయ్యాక అమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని విని, "వెనకాల సన్నగా వస్తోందే, అది తీసెయ్యకు నాన్నా, అలానే ఉంచు" అంది.