టక్‌మనే బండ

ఆదివారం. రాత్రి పది దాటింది.

పొద్దున పదకొండుకే కరెంటు పోయింది. మే నెలలో, కడపలో, ముగ్గురు పిల్లలున్న ఇంట్లో కరెంటు పోతే ఎట్లుంటుందో రాయనక్కర్లేదు. మావాడికి పదకొండేళ్లు, అన్న కూతురికి తొమ్మిది, దాని తమ్ముడికి ఆరు. సెలవులకు అందరం అమ్మ దగ్గర చేరి పది రోజులైంది. ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ తప్ప వీళ్ల నోట ఇంకో మాట లేదు. ఆ కార్టూన్ సీరియల్ మొదలైంది 2005లో. ఇంగ్లీషులో మా ఊరి పేరు రాసే తీరు మారిందీ ఆ ఏడే. అంత పాతది వీళ్లకెట్లా దొరికిందో!

ట్యాబ్‌లో చార్జింగ్ అయిపోతుందని నేను ముందే ఒక ఆట సిద్ధం చేసుకున్నాను. ఇరవై చీటీలు. మొత్తం ఎపిసోడ్లెన్ని? 61. భాగాలెన్ని? నీరు, భూమి, అగ్ని, మూడు. హీరో ఆంగ్ మంచుగడ్డలో ఎన్నేళ్లున్నాడు? 100. అప్పా అనే ఎగిరే దున్నకు కాళ్లెన్ని? ఆరు. ఐదో చీటీ తీయబోతుంటే అన్న కూతురు "అత్తా, ఇది పరీక్ష గదా" అంది. టీచరు బుద్ధి యాడికి పోతుంది! మిగిలిన చీటీలతో చిన్నోడు పడవలు చేసుకున్నాడు.

నాలుగింటికి వాకిట్లోకి వదిలేశాను. వాకిలంతా మా నాయన పరిపించిన నల్లటి కడప బండలే. ఎండపొద్దున కాలు పెడితే చుర్రుమంటుంది. ఆ చురుకే ఆటయింది. ఎండ పడే బండలు కథలోని అగ్నిరాజ్యం, వేపచెట్టు నీడ నీళ్ల తెగ. నీడలోంచి ఎండలోకి ఉరికి, గోడ దగ్గరున్న చెంబును ముట్టుకుని రావాలి. అగ్నిరాజు మావాడు. వాడికి చెప్పులుండొచ్చు, మిగతావాళ్లు ఉత్తకాళ్లు. ఈ రూలు పెట్టింది ఎవరో చెప్పాల్సిన పని లేదు. అమ్మ అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తూ "నేల-బండే గదే ఇది, మేమూ ఆడినాం" అంది. నీళ్లు చల్లుకుంటామంటే మాత్రం ఒప్పుకోలేదు. కొళాయి దినం మార్చి దినం వస్తోంది. నీళ్ల తెగకు ఒక్క చెంబే.

గంట గడిచేసరికి నీడ గోడ దాకా పాకింది. అగ్నిరాజ్యం మూలన రెండు బండలకు కుంచించుకుపోయింది. మావాడు ఆట చెల్లదని మొండికేశాడు. "సూర్యగ్రహణం నాడు అగ్నివాళ్లకు శక్తి ఉండదు బావా, కథలోనే ఉంది" అంది పిల్ల. ఉంది, నిజమే. వాడు నోరెత్తలేదు.

తర్వాత ఆంగ్ ఎవరనే గొడవ. ఈ పిల్లకు ఆంగ్ వద్దంట, టాఫ్ కావాలంట. టాఫ్‌కు పన్నెండేళ్లు, పుట్టుకతో చూపు లేదు. ఉత్తకాళ్లతో నేల మీద నిలబడి, అదురును బట్టి ఎవరెక్కడున్నారో పసిగడుతుంది. ఆ విద్య నేర్పింది మనుషులు కాదు, నేలను తవ్వుకుంటూ పోయే జంతువులు. వాటికీ చూపుండదు. ఆ కథలో నాకు నచ్చేది కూడా టాఫే. ఆంగ్ మరీ మంచివాడు.

పిల్లలు జేజి అని పిలిచే మా అమ్మ తువ్వాలతో పిల్ల కళ్లకు గంతలు కట్టాం. మధ్యలో నిలబడింది. మేము తలా ఒక పక్క నుంచి అడుగులో అడుగేసుకుంటూ పోవాలి. ఎవరో, ఏ పక్కనున్నారో అది చెప్పాలి. మొదట్లో ఒక్కటీ సరిగ్గా చెప్పలేకపోయింది. బండ కదలందే కాలికేం తెలుస్తుంది? ఇంతలో చిన్నోడు తులసికోట పక్కనున్న బండ తొక్కాడు. టక్. ఆ బండ లేచిపోయి ఎన్నేళ్లయిందో! మేస్త్రీని పిలవాలని నాయన అనుకుంటూనే పోయాడు. అంతే, పిల్లకు దారి దొరికింది. టక్‌ను గుర్తు పెట్టుకుని, దానికి ఎంత ముందు, ఎంత వెనక అని లెక్కగట్టి వేలు చూపించడం మొదలుపెట్టింది. మావాడు ఆ బండను దాటి దూకినా పట్టేసింది. చిన్నోడైతే నవ్వాపుకోలేక దొరికిపోయాడు.

చివర్లో అమ్మనూ లేపారు. అమ్మ నాలుగడుగులేసింది. బండ దాకా పోనేలేదు.

"జేజి!" అంది పిల్ల. "జేజి ఎడమకాలు ఈడుస్తాది గదా."

నేను అమ్మ కాళ్ల వైపు చూశాను. అవును, ఈడుస్తోంది. వచ్చి పది రోజులైంది, ఒకే ఇంట్లో తిరుగుతున్నాం.

"ఎప్పట్నుంచి?" అని అడిగితే "సంక్రాంతి అప్పట్నుంచిలే, మోకాలు" అని చెనిక్కాయల దగ్గరికి పోయి కూర్చుంది. పిల్లలు మళ్లీ ఆటలో పడ్డారు. ఏడింటికి కరెంటొచ్చింది. ట్యాబ్ చార్జింగుకు పెట్టారు గానీ చూడకుండానే నిద్రపోయారు.

ఇప్పుడే వాకిట్లో టక్‌మంది. గేటుకు తాళం వేయడానికి అమ్మ పోతున్నట్టుంది. ఉండు, నేను పోయి వేసొస్తా.